లక్షలో ఒకరు

"మీరే చంపుతున్నారు దాన్ని! మీరూ, ఆ కుట్టు కంపెనీ వాళ్ళూ కలిసి చంపుతున్నారు! భోజనం టైములో మొలలకి రబ్బరు బ్యాండ్లు వేసి, గంట కొట్టగానే మళ్ళీ మిషన్ల మీద కూర్చోబెట్టారే, మీరసలు డాక్టరేనా? పంక్చర్ల షాపు పెట్టుకోవాల్సింది!"

"అమ్మా... కాస్త మెల్లగా. ఇది ఆసుపత్రి."

పెద్దాసుపత్రిలో అత్యవసర వార్డు బయటి వరండా. గోడవారన ఒక బెంచీ ఉంది, దాని మీద ఎవరూ కూర్చోలేదు. కుట్టు కంపెనీలో ఒక లైనుకి లీడరుగా ఉండే మనిషి, యూనిఫాం మీద శాలువా కప్పుకుని, గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. లోపల మంచం మీద ఉన్నది ఆమె చెల్లెలు. ఎదురుగా చెమటలు తుడుచుకుంటున్నది కంపెనీకి వచ్చి ఆ బ్యాండ్లు వేసిన డాక్టరు.

"ఆసుపత్రని నాకు తెలుసు. మోసుకొచ్చింది నేనే. పొద్దున మిషను మీదే తల వాల్చేసింది నా చెల్లెలు. దాని చెంప పక్కన సూది ఇంకా ఆడుతూనే ఉంది. అప్పట్నుంచీ చేస్తున్నాను మీకు ఫోను."

"వేరే కంపెనీలో క్యాంపులో ఉన్నానమ్మా. చూసుకున్న వెంటనే బయల్దేరి వచ్చాను కదా."

"క్యాంపా? ఇవాళ కూడానా? అక్కడెంతమందిని గోడవైపు తిప్పి పడుకోబెట్టారు?"

"చూడమ్మా, మీ బాధ నాకర్థమైంది..."

"అర్థమైందా? అయితే చెప్పండి చూద్దాం, నాకెక్కడ బాధ?"

"అంటే... తోడబుట్టింది కదా. కడుపులో దేవినట్టు ఉంటుంది."

"కడుపులోనట! సరే, నా సంగతి పోనివ్వండి. దానికేమైందో చెప్పండి. మనిషికి అర్థమయ్యేలా చెప్పండి. లోపలున్న చిన్న డాక్టరు ఏదో సణుక్కుంటూ తిరుగుతున్నాడు గాని మాట తెమలడం లేదు."

"నేను చేసింది చాలా చిన్న పనమ్మా. మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు బిగిస్తాం. రక్తం అందక అదే ఎండి రాలిపోతుంది. కొయ్యడం లేదు, కుట్టడం లేదు. ఎక్కడైనా చేసేదే. చేయించుకున్నవాళ్ళు సుఖపడ్డారు. మీ లైనులోనే ఎంతమంది నాకు దండం పెట్టారు!"

"పెట్టారు. నేనూ కాదనను. కొయ్యకుండా పోతుందంటే ఎవరికి చేదు? మరి దీనికిలా ఎందుకైంది?"

"ఇది... ఎక్కడో, ఎప్పుడో, లక్షలో ఒకరికి. బ్యాండు వేసిన చోటు నుంచి క్రిములు లోపలి కండల్లోకి దిగుతాయి. అక్కణ్ణుంచి రక్తంలోకి ఎక్కుతాయి. పుస్తకంలో చదువుకున్నాను గాని నా చేతి కింద ఎన్నడూ చూడలేదు."

"లక్షలో ఒకరు! ఆ మిగతా లక్షమందీ వచ్చి నా చెల్లెలి మంచం పక్కన కూర్చుంటారా?"

"అలా కాదమ్మా. మీరు నన్ను హంతకుణ్ణి చేస్తున్నారు గనక చెప్తున్నాను. తప్పు నా చేతిలోనో, పరికరంలోనో ఉంటే ఒక్కరికే ఎందుకొస్తుంది? ఆ రోజు ఒకే బల్ల. ఒకే పరికరం. మీ లైనులో సగం మంది వేయించుకున్నారు. ఇంకెవరైనా పడిపోయారా? లేదు కదా? అంటే అది పరికరంలో లేదు. ఆమె ఒంటితత్వం. దురదృష్టం."

"ఒకరికీ ఇంకొకరికీ మధ్య పరికరం కడిగారా?"

"మందునీళ్ళలో వేశాం."

"ఎంతసేపు వేశారు?"

"వేయాల్సినంతసేపు."

"గోడవైపు తిరిగి పడుకున్నా చెవులు పనిచేస్తాయి డాక్టరుగారూ. తెర అవతల సూపర్వైజరమ్మ నిలబడి 'కానివ్వండి, కానివ్వండి, గంట కొట్టేస్తారు' అని తరుముతూనే ఉంది. ఇనుము నీళ్ళలో టక్కున పడ్డ చప్పుడు, టక్కున తీసిన చప్పుడు. అది మునిగిందో, ఊరికే తడిసిందో."

"మీరూ అక్కడున్నారా?"

"లైను లీడర్ని. నేనెక్కడుండను?"

"వదినా! వదినా! ఇక్కడున్నావా! నర్సమ్మ మళ్ళీ వచ్చింది. పన్ను పీకిన డాక్టరు నంబరు కావాలంట. నీ దగ్గరుందా?"

"మరిదీ, ఒక్క నిమిషం ఆగు..."

"నిమిషాలు లేవంట వదినా! బీపీ దిగిపోతోందంట. ఈ పన్ను సంగతి తేలాలంటున్నారు. నిన్న కూడా ఇంతే. జ్వరమని నేను తీసుకొస్తే నోరు తెరిపించి, టార్చి వేసి, పుల్ల పెట్టి మొత్తం వెతికారు. గాయమే కనబడలేదు. ఏ పన్నమ్మా అంటే 'వెనకది' అంది. వెనకదంటే ఎక్కడ, ఇంకాస్త తెరువు అంటే ఏడుస్తుంది. జ్వరం మాత్రలిచ్చి పంపేశారు. ఇంతకీ ఈయనెవరు?"

"డాక్టరు."

"పళ్ళ డాక్టరా? ఏమయ్యా, నువ్వేనా? నా పెళ్ళానికి పన్ను పీకమంటే ప్రాణం పీకుతావా?"

"నేను... పళ్ళ డాక్టర్ని కాదండీ."

"మరి దేని డాక్టరు? చెప్పవేం? వదినా, నువ్వన్నా చెప్పవేం? ఇద్దరూ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డారేం?"

"పన్ను కాదు మరిదీ."

"ఏది పన్ను కాదు?"

"అసలు పన్నే కాదు. అది పన్ను పీకించుకోలేదు. దానికి మొలలు. ఎప్పట్నుంచో ఉన్నాయి. మొన్న కంపెనీలో క్యాంపు పెట్టి బ్యాండ్లు వేశారు. వేసింది ఈయన."

"మొలలా? మా... మా దానికా? ఆడవాళ్ళకి కూడా..."

"ఎందుకు రావు? మీ మగాళ్ళకే రాసిచ్చారా? పొద్దస్తమానం చెక్కబల్ల మీద కదలకుండా కూర్చుని కుట్టేవాళ్ళకి రాక ఇంకెవరికొస్తాయి?"

"మరి నాకెందుకు చెప్పలేదు? కట్టుకున్నవాణ్ణి కదా! నాకు చెప్పకపోవడమేంటి వదినా?"

"ట్యూబు."

"ఏం ట్యూబు?"

"మీ పాల వ్యాన్ల షెడ్డులో ఒకాయనకి మొలలు. సీటు మీద గాలి ట్యూబు వేసుకుని బండి నడుపుతాడు. ఆయనకి ట్యూబు అని పేరు పెట్టింది నువ్వేగా? ఇంటికొచ్చి ఆయన ఎలా నడుస్తాడో నడిచి చూపించావు. ఎలా కూర్చుంటాడో కూర్చుని చూపించావు. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అదీ నవ్వింది. ఆ రోజు దానికి రక్తం పోతోంది మరిదీ. నవ్వుతూనే నీకు వడ్డించింది."

"వదినా..."

"గిన్నెలు కడిగేటప్పుడు నాతో అంది, అక్కా, ఈయనకి తెలిస్తే రేపట్నుంచి షెడ్డులో నేనే ఆట అని. పన్నని చెప్దామంది. నేను సరేనన్నాను."

"నేనేదో నవ్వులాటకి..."

"నవ్వులాటకే. తర్వాత ఏడుద్దువుగాని. ముందు వెళ్ళి ఆ నర్సుతో చెప్పు, పన్ను కాదని."

"ఏమని చెప్పను? అక్కడ అంతమంది ఉన్నారు. అందరి ముందూ..."

"చూశావా! పెళ్ళాం ప్రాణం మీదకొచ్చినా నీ నోరు పెగలడం లేదు. అది ఎలా చెప్పుకుంటుంది?"

"చెప్తాను వదినా. చెప్తాను. నువ్వు పొద్దున్నే చెప్పి ఉంటే..."

"చెప్పలేదనుకున్నావా? నువ్వు మందులకి వెళ్ళినప్పుడు ఆ చిన్న డాక్టరు చెయ్యి పట్టుకుని చెప్పాను. బాబూ, మొలలకి బ్యాండ్లు వేశారు, అప్పట్నుంచే ఇది అని. 'దానికీ దీనికీ సంబంధం లేదమ్మా, అది చీమ కుట్టినంత పని' అని కొట్టిపారేశాడు. ఆ వెంటనే నువ్వొచ్చి పన్ను పన్ను అని గోల పెట్టావు. నీ మాట పట్టుకున్నాడు, నా మాట గాలికొదిలేశాడు. మూత్రం గొట్టం వేశారు, కిడ్నీలు వెతుకుతున్నారు, నోరు వెతుకుతున్నారు. జబ్బు ఒకచోట, వెతుకులాట ఇంకోచోట. అందుకే ఈయన కోసం కళ్ళు కాయలు కాసేలా చూశాను. తిట్టడానికి కాదు. డాక్టరుగారూ, నడవండి లోపలికి."

"నేనా?"

"మీరే. ఏం వేశారో, ఎక్కడ వేశారో, ఆ క్రిములు కండల్లోకి దిగుతాయని ఇందాక నాకు చెప్పారే, అదంతా వాళ్ళ పెద్ద సర్జనుకి చెప్పండి. నేను చెప్తే చీమ కుట్టినంత. మీరు చెప్తే వింటారు."

"ఫోన్లో మాట్లాడతానమ్మా. ఇది వేరేవాళ్ళ ఆసుపత్రి. వాళ్ళ పేషెంటు. మధ్యలో నేను దూరితే బాగుండదు..."

"మొన్న మీ పేషెంటు, ఇవాళ వాళ్ళ పేషెంటా?"

"కంపెనీ మేనేజరుతో కూడా ఒక మాట అనుకుని..."

"నీళ్ళు నమలకండి! అది అక్కడ ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే మీరిక్కడ మాటలు లెక్కపెట్టుకుంటారా? మీ ఉద్యోగం పోతుందని భయం. కాదనను. పోతే ఇంకోటి వస్తుంది. అది పోతే మళ్ళీ వస్తుందా?"

"పద డాక్టరూ. చెయ్యి ఇటివ్వు. తప్పిపోతావు, నేను పట్టుకుని తీసుకెళ్తా. వదినా, నువ్వు కూర్చో. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు."

"నేను బాగానే ఉన్నాను. మీరు నడవండి."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కాసేపటికి మరిది ఒక్కడే తిరిగొచ్చాడు. ఆమె అదే గోడకి ఆని ఉంది.

"వదినా, ఇదిగో నీళ్ళు. తాగు."

"వద్దు. ఏమన్నారు?"

"విన్నారు వదినా! ఈయన రెండు ముక్కలు చెప్పాడో లేదో, పెద్ద సర్జను పరుగెత్తుకొచ్చాడు. దుప్పటి తీసి చూసి, ముందే ఎందుకు చెప్పలేదని ఒక్క అరుపు అరిచాడు. ఎవరి మీద అరిచాడో తెలీలేదు. నా మీదే అనుకుని తలొంచుకున్నాను. పక్కకి చూస్తే ఈ డాక్టరూ తలొంచుకున్నాడు. ఆ చిన్న డాక్టరూ అంతే. చివరికి నర్సు కూడా."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఆపరేషన్ గదికి తీసుకెళ్ళిపోయారు. లోపల పాడైందంతా తీసేస్తారంట. వెళ్ళేటప్పుడు కళ్ళు తెరిచింది. నన్ను చూసి, ఏమందో తెలుసా? 'తెలిసిపోయిందా?' అంది. బతుకుతానా అని కాదు వదినా. తెలిసిపోయిందా అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మంచం పట్టుకుని తలుపుదాకా నడిచాను. రెండు రోజులుగా దిండు వేసుకుని కూర్చుంటోంది. పన్ను నొప్పికి కింద దిండెందుకే అని అడిగాను. మెత్తగా ఉంటుందంది. నమ్మాను. నాకంటే గాడిద నయం. గాడిదైనా వాసన పడుతుంది."

"గాడిదని ఎందుకు తిడతావు, అదేం చేసింది పాపం."

"నవ్వించకు వదినా. ఇప్పుడు నవ్వొస్తే ఏడుపాగదు. నీళ్ళు తాగు. పెదాలు చూడు ఎలా పగిలాయో."

"తాగితే మళ్ళీ వెళ్ళాలి."

"వెళ్ళు! ఇక్కడ నిన్నెవరు ఆపుతారు? బాత్రూం ఎదురుగానే ఉంది."

"అలవాటు లేదు, అంతే. అదిగో ఆయనొచ్చాడు. ఏం డాక్టరుగారూ, ఎలా ఉంది? బతుకుతుందా?"

"చెప్పలేనమ్మా. అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు సరైన చోట వెతుకుతున్నారు. రక్తంలోకి గట్టి మందులు ఎక్కిస్తున్నారు. నిన్నే వచ్చి ఉంటే ఇంత దూరం పోయేది కాదు."

"నిన్న వచ్చింది. నిన్న నోట్లో వెతికారు."

"అవును... ఆయన చెప్పారు. సర్జను ఇంకోటి అడిగారమ్మా. మూత్రం ఎప్పట్నుంచి ఆగిపోయిందని. ఈయనకి తెలీలేదు. మీకేమైనా తెలుసా?"

"గొట్టం వేస్తే సంచీ నిండిపోయిందంట వదినా. అంత నిండితే మనిషికి తెలీదా?"

"బయటివాళ్ళకి తెలుస్తుందేమో. మా లైనులో తెలీదు."

"అదేంటమ్మా?"

"మా లైను మొత్తానికీ ఒకటే బాత్రూం బిళ్ళ. మెడలో వేసుకుని వెళ్ళాలి. ఒకరు వెళ్ళొస్తే గాని ఇంకొకరు లేవకూడదు. కాస్త ఆలస్యమైతే సూపర్వైజరమ్మ వచ్చి తలుపు బాదుతుంది. లోపల ఏం చేస్తున్నావ్ అంటుంది. ఏం చేస్తారు, పాట పాడతారా? ఆ బాధ పడలేక పొద్దున్నే టీ కూడా తాగం. నీళ్ళ సీసా తెస్తాం. నిండుగా తెచ్చి నిండుగా ఇంటికి తీసుకెళ్తాం. సీసాకి షికారు."

"రోజూనా?"

"ఏళ్ళ తరబడి. అందుకేగా మొలలు! నీళ్ళు తాగకపోతే కడుపు గట్టిపడుతుంది, గట్టిపడితే ఇవొస్తాయి. ఇవొస్తే సెలవులు పెడుతున్నామని కంపెనీ మిమ్మల్ని పిలిచింది. ఇంకో బిళ్ళ ఇచ్చి ఉంటే పోయేది. మిమ్మల్ని తెచ్చారు."

"కానీ నేను చెప్పానమ్మా! ఇది మాత్రం నా మీద పెట్టకండి. సూపర్వైజరుకి మరీమరీ చెప్పాను. నొప్పి తగ్గకుండా పెరిగినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, క్షణం ఆలస్యం చేయకుండా పంపమని చెప్పాను. ఆమె మీకు చెప్పలేదా?"

"చెప్పింది."

"చూశారా! చెప్పింది కదా!"

"చెప్పింది. టార్గెట్ తగ్గితే మైకులో పిలిచి పరువు తీస్తుంది, ఇది మాత్రం మిషన్ల చప్పుడులో ఒక్కొక్కరి చెవి దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పింది. 'మూత్రం రాకపోతే చెప్పండమ్మా' అంది. మేం నవ్వాం."

"నవ్వారా?"

"పగలబడి నవ్వాం. 'రాకుండా చూసుకోవడమే కదా అమ్మగారూ మా ఉద్యోగం' అన్నాను. ఆ మాట అన్నది నేనే. లైనంతా గొల్లుమంది. సూపర్వైజరమ్మ కూడా నవ్వాపుకోలేక వెళ్ళిపోయింది. నా చెల్లెలు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఇంక అది రానప్పుడు ఏమనుకుంటుంది చెప్పండి? రోజూలాగే రాలేదనుకుంది."

"నాకు... అక్కడ ఇలా ఉంటుందని తెలీదమ్మా."

"మీరడగలేదు. పక్కకి తిరుగు, మోకాళ్ళు ముడుచుకో, కదలకు, లే. నాలుగు మాటలు. పక్కకి తిరిగినప్పుడు చెప్పకపోయినా, లేచి కూర్చున్నాక మా ముఖం చూసి ఆ మూడు ముక్కలూ మాకే చెప్పి ఉంటే? జబ్బు మాది, జాగ్రత్త సూపర్వైజరుకా?"

"తొందరపెట్టారమ్మా. గంట కొట్టేస్తారని..."

"అదీ! ఆ మాట రావాలి మీ నోట్లోంచి."

"తొందరపడ్డాను. ఒప్పుకుంటాను. చెప్పాల్సింది మనిషికే చెప్పాల్సింది. కానీ ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. ఇంకెవరికైనా వచ్చిందా అని సర్జను నన్ను గుచ్చిగుచ్చి అడిగారు. లేదని చెప్పాను. ఒక్కటే కేసని చెప్పాను. ఎందుకంటే అదే నిజం. పరికరంలో దోషముంటే..."

"ఇద్దరు ముగ్గురికి వచ్చేది."

"అవును."

"అందర్నీ అడిగారా?"

"వస్తే వాళ్ళే చెప్తారు కదా."

"ఎవరు చెప్తారు? పన్నని చెప్పుకునేవాళ్ళా? నోట్లో టార్చి వేసినా నిజం కక్కనివాళ్ళా? మీ లక్షలో ఒకరన్న లెక్క ఎవరు వేశారో గాని, సిగ్గుపడి నోరు మూసుకున్నవాళ్ళని వదిలేసి వేసుంటారు."

"ఆయన మీద ఎందుకులే వదినా ఇంకా. నువ్వు కాస్త కూర్చో. కాళ్ళు వణుకుతున్నాయి చూడు."

"నువ్వాగు మరిదీ. డాక్టరుగారూ, ఇది ఎలా మొదలవుతుందో చెప్పండి."

"ఇప్పుడెందుకమ్మా?"

"లైనులో వాళ్ళని అడగాలిగా. చెప్పండి. మొదట ఏమవుతుంది?"

"బ్యాండు నొప్పి మర్నాటికి తగ్గుముఖం పట్టాలి. ఇందులో పెరుగుతుంది. కూర్చోలేరు."

"ఊఁ."

"చుట్టూ పాకుతుంది. తొడల్లోకి, నడుంలోకి. సలుపు."

"ఊఁ. తర్వాత?"

"తర్వాత చలి. ఎంత కప్పుకున్నా ఆగదు. అప్పటికి మూత్రం కూడా..."

"ఈ వరండాలో ఏసీ కాస్త తగ్గించమని ఎవరికైనా చెప్పరాదూ? పొద్దున్నుంచీ చంపుతోంది."

"ఏసీ ఎక్కడుందమ్మా? ఇక్కడ ఫ్యాను కూడా లేదు. నాకు చొక్కా తడిసిపోతుంటే..."

"వదినా? వదినా, ఇటు చూడు."

"అమ్మా, మీ చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి... అయ్యో! కాలిపోతోంది! అమ్మా, మీరు... ఆ రోజు మీరు కూడా...?"

"మీకెలా గుర్తుంటుంది డాక్టరుగారూ, మీరు చూసింది ముఖం కాదుగా. చున్నీ కప్పుకుని, చెల్లెలి వెనకాలే, అదే బల్ల మీద గోడవైపు తిరిగి పడుకున్నది నేనే. నేనూ పడుకుంటే మిమ్మల్ని లోపలికి నెట్టేవాళ్ళుండరని ఇప్పటిదాకా నిలబడ్డాను. నిన్న పొద్దున్నుంచీ మూత్రం లేదు, నేనూ రోజూలాగే అనుకున్నాను. లక్షలో ఒకరన్నారు కదా, రెండో మనిషిని చూసుకోండి. వెళ్ళి ఆ సర్జనుతో ఒక్కటే కేసు కాదని చెప్పండి, ఇవాళ ఆ క్యాంపులో మీ పరికరం కిందకొచ్చిన ప్రతి ఒక్కర్నీ పిలిపించండి, నాకు మంచం వేయించండి. మొలలని పైకి చెప్పే వేయించండి. మరిదీ, ఏడవకు, వ్యాను తీసుకుని కంపెనీకి పో. గంట కొట్టేదాకా ఆగకు. మిషన్లన్నీ ఆపించు. ఆ సూపర్వైజరమ్మ చేతిలో మైకు లాక్కుని, గుసగుసగా కాదు, గోడలదిరేలా అడుగు: బ్యాండ్లు వేయించుకున్నవాళ్ళలో ఎవరెవరికి మూత్రం రాలేదు అని. ఎవరైనా నవ్వితే, ముందు వాళ్ళనే బండెక్కించు."